సెయిల్ బోటు మీద డింగీ: ఎక్కడ కట్టాలి, నీళ్ళలోకి ఎలా దించాలి

అందరికీ నమస్కారం. నా వెనకాల కనిపిస్తున్నది కళింగపట్నం లైట్‌హౌస్. దానికి ఎదురుగా లంగరేసుకుని ఉన్నాం. మన సెయిల్ బోటు 38 అడుగులది. దీని కీల్, అంటే అడుగున ఉండే రెక్క, నీళ్ళ కిందకి రెండు మీటర్ల దాకా దిగి ఉంటుంది కాబట్టి ఒడ్డు దగ్గరకి పోలేదు. పైగా ఇక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది, ఇసక మేటలు చోటు మారుతూ ఉంటాయి. మంచినీళ్ళు తేవాలన్నా, ఒంట్లో బాగులేని మనిషిని గట్టుకి చేర్చాలన్నా ఇదిగో, ఈ చిన్న రబ్బరు పడవే దిక్కు. దీన్నే డింగీ అంటారు.

మన సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల మీద పనికి వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. సెయిల్ బోటులో డెక్ పని దొరికిందంటే మొదట చేతిలో పడేది డింగీ దించే పనే. వాళ్ళ కోసమే ఈ వీడియో. ఇవాళ నాకు సాయం మా బావ.

ముందు దీన్ని ఎక్కడ పెట్టాలో చూద్దాం. చాలా బోట్లకి వెనకాల రెండు ఇనప చేతులు బయటికి చాచి ఉంటాయి, వాటిని డేవిట్లు అంటారు. డింగీని వాటికి వేలాడదీస్తారు. దించడం తేలిక, ఎత్తడం తేలిక. తీరం వెంబడి, నెమ్మదైన నీళ్ళలో, పగటి పూట అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ బంగాళాఖాతంలో రాత్రంతా నడిపే ప్రయాణానికి డింగీని డేవిట్లకి వదిలేయొద్దు. ఎందుకో లెక్క చెప్తాను. డింగీ లోపల అడుగు ఒకటిన్నర చదరపు మీటరు ఉందనుకోండి. వాన పడో, వెనక నుంచి కెరటం ఎక్కో అందులో 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 150 లీటర్లు, అంటే 150 కిలోలు. ఇద్దరు మనుషులు బోటు వెనక చివర కూర్చుని ప్రతి కెరటానికీ ఎగిరి పడుతున్నంత బరువు అది. డేవిట్లు వంగుతాయి, వాటి బోల్టుల దగ్గర డెక్ చీలుతుంది. తక్కువ దూరానికి వేలాడదీసినా సరే, అడుగున ఉండే ప్లగ్ తీసేసే ఉంచండి, నీరు దానంతట అదే పోతుంది.

తాడు కట్టి వెనకాల లాక్కుపోవడం ఇంకో పద్ధతి. రేవులోనే ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడానికైతే పర్వాలేదు. మోటారు మాత్రం తీసెయ్యాలి, తాడు నీళ్ళ మీద తేలే రకం అయ్యుండాలి. మునిగే తాడైతే, బోటుని వెనక్కి నడిపినప్పుడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. గాలి గట్టిగా ఉంటే ఖాళీ డింగీ బోర్లా పడిపోతుంది కూడా.

పెద్ద సముద్రంలోకి వెళ్తుంటే నేను చెప్పేది ఒక్కటే: డెక్ మీద, తెరచాపని నిలబెట్టే మాస్ట్‌కి ముందు, బోర్లించి, పట్టీలతో బిగించి కట్టండి. ఇలా బోర్లిస్తే లోపల నీరు నిలవదు, మీదకి వచ్చిన కెరటం జారిపోతుంది. పట్టీల కొక్కేలు డెక్‌లోకి బోల్టు చేసిన రింగులకే తగిలించాలి. చుట్టూ రైలింగ్ స్తంభాలు కనిపిస్తున్నాయి కదా, చేతికి అందుతాయని వాటికి కట్టేస్తారు. అవి మనిషి పడిపోకుండా పెట్టినవి, డింగీ మీద పడే కెరటం బరువుకి వంగిపోతాయి. ఇంకో సంగతి: ముందు గదికి పైన హాచ్, అంటే పైకి తెరుచుకునే తలుపు, ఉంటుంది. డింగీ దాన్ని మూసేయకుండా చూడండి. లోపల పొగ కమ్మితే ఆ గదిలో పడుకున్న మనిషికి బయటపడే దారి అదే.

మరీ దూర ప్రయాణమైతే, లేదా తుపాను హెచ్చరిక ఉంటే, గాలి తీసి చుట్టి లోపల పెట్టెయ్యాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, సోంపేట, ఉద్దానం ఏమైపోయాయో మన కళ్ళతో చూశాం. వేళ్ళున్న కొబ్బరి చెట్లే నిలవలేదు, అలాంటి గాలికి పట్టీలతో కట్టిన రబ్బరు పడవ ఆగదు. చుట్టే ముందు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఉప్పు, ఇసక మడతల్లో ఉండిపోతే రబ్బరుని కోసేస్తాయి.

ఇప్పుడు దించుదాం. దీనికి మోటారు లేకుండా 30 కిలోలు ఉంటుంది. పట్టీలు విప్పడానికి ముందే ముక్కు దగ్గర తాడు కట్టి, రెండో కొసని బోటుకి ముడెయ్యాలి. ఈ ముడి పడేదాకా ఒక్క పట్టీ కూడా విప్పొద్దు. చెయ్యి జారితే డింగీ గాలికి కొట్టుకుపోతుంది, దాన్ని పట్టుకోడానికి వెళ్ళాలంటే మన దగ్గర ఇంకో డింగీ లేదు. ప్లగ్ పెట్టామా? బావా, చెయ్యి పెట్టి చూడు. పెట్టాం. బాగుంది.

ఇద్దరం కలిసి వెల్లకిలా తిప్పాం. ఈ మూడు తాళ్ళూ చూడండి. ఒకటి ముక్కు రింగుకి, రెండు వెనక పలక మీద అటూ ఇటూ ఉన్న రింగులకి. మూడూ పైన స్టీలు రింగులో కలుస్తాయి, మనింట్లో ఉట్టి తాళ్ళలాగ. పైన తెరచాపని ఎత్తే తాళ్ళలో ఖాళీగా ఉన్నదాన్ని, అంటే స్పేర్ హాలియార్డ్‌ని, ఆ రింగుకి తగిలించాను. దాని రెండో కొస వించ్ మీద, అంటే తాడుని లాగే గిలక మీద, మూడు చుట్లు తిప్పి ఉంది.

బావ వించ్ దగ్గర, నేను డింగీ దగ్గర. రైలింగ్ దాటేంత ఎత్తు చాలు. ఎక్కువ ఎత్తితే బోటు ఊగినప్పుడల్లా డింగీ కూడా ఊగి మాస్ట్‌ని కొడుతుంది. అందుకే వెనక కూడా ఒక తాడు కట్టాను. ముక్కు తాడు, వెనక తాడు రెండూ బిగబట్టి ఉంటే అది తిరగదు. కెరటం తగలని పక్కనే దించాలి, బోటు పక్కకి ఫెండర్లు, అంటే రాపిడి తగలకుండా ఆపే మెత్తలు, వేలాడదీసి ఉండాలి. వేలాడుతున్న డింగీ కింద ఎవరూ నిలబడొద్దు, అందులో ఎవరూ కూర్చోవద్దు. బావా, నెమ్మదిగా వదులు. చుట్లు తియ్యకు, అరచేతిని చుట్ల మీద అదిమి వదులు. వేళ్ళు తాడుకీ వించ్‌కీ మధ్యకి పోనివ్వకు. ఇంకొంచెం. ఆఁ, నీళ్ళ మీద కూర్చుంది. ఇప్పుడు హుక్ తీసేస్తాను.

మోటారు ఎప్పుడూ వేరేగా దించాలి. ఇది రెండున్నర హార్స్‌పవర్‌ది, 17 కిలోల దాకా ఉంటుంది. చేత్తో ఎత్తి అందించుకుంటుంటే, ఒక్క ఊపు వస్తే చాలు, మోటారు అడుక్కి పోతుంది. దానికి విడిగా తాడు కట్టి, వెనకున్న కప్పీ మీదుగా దించుతున్నాం. డింగీలో ఉన్న నేను సరిగ్గా మధ్యలో కూర్చున్నాను. మోటారుని పట్టి ఉంచే క్లాంపులు రెండూ బిగిసి, పలకకి సేఫ్టీ తాడు పడ్డాకే కప్పీ తాడు విప్పుతాను. ఈ ఎర్ర తాడు కిల్ కార్డ్, నా మణికట్టుకి వేసుకున్నాను. నేను నీళ్ళలో పడితే ఇది ఊడి మోటారు ఆగిపోతుంది, లేకపోతే డింగీ గిరగిరా తిరుగుతూ పడ్డ మనిషి మీదకే వస్తుంది. లైఫ్ జాకెట్, రెండు తెడ్లు, నీరు తోడే డబ్బా లేకుండా కదలొద్దు.

పెట్రోలు డబ్బా డెక్ మీద గాలి ఆడే పెట్టెలో ఉంచుతాం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. గదిలో పెడితే బోటు అడుగుకి దిగి అక్కడే ఉండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఒడ్డున కెరటాలు విరుగుతుంటే ఈ చిన్న మోటారుతో దూసుకుపోదామనుకోవద్దు. ఇక్కడి మత్స్యకారులు కెరటాలకి బయటే ఆగి, పెద్దవి వరుసగా వెళ్ళిపోయేదాకా చూసి, అప్పుడు తెప్పని వదులుతారు. ఎక్కడ దిగాలో, అసలు దిగాలో వద్దో, వాళ్ళని అడిగి వెళ్ళండి.

ఎత్తేటప్పుడు మోటారు మొదట, డింగీ తర్వాత. లంగరు మీద ఉన్న రాత్రి కూడా నీళ్ళలో వదలకుండా, ఇదే ఉట్టితో రైలింగ్ ఎత్తుకి లేపి పక్కకి కట్టేస్తాం. అడుగున నాచు, గవ్వపురుగులు పట్టవు, ఎవరూ తాడు విప్పుకుపోరు. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం కాబట్టి ఇవాళ డెక్ మీదకే ఎక్కిస్తున్నాం. పట్టీలు బిగించాక ఇలా రెండు చేతులూ వేసి గట్టిగా కుదపండి. ఈ మూల కదులుతోంది చూడండి. బావా, ఎడం పక్క పట్టీ ఇంకో రెండు పళ్ళు బిగించు.