ఫోర్క్ లేని విండోస్‌కు పోస్ట్‌గ్రెస్ ఎలా చేరింది?

తెరపై: పోస్ట్‌గ్రెస్ నీలి ఏనుగు గుర్తు. కింద "8.0 – జనవరి 2005".

వ్యాఖ్యానం:
నమస్కారం. యూనిక్స్ కోసం రాసిన ప్రోగ్రామును విండోస్‌లో నడపాలంటే ఏం చేయాలి? సోర్స్ కోడ్‌ను అక్కడి కంపైలరుకు ఇచ్చి, అది చూపిన తప్పులు దిద్దుకుంటూ పోతే చాలని చాలామంది అనుకుంటారు. హెడర్ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల మధ్య గీత, సాకెట్ ఫంక్షన్లు అలాగే తేలిపోతాయి. వాటికి ఓపిక ఉంటే సరిపోతుంది. తన కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా నడుచుకుంటుందో ప్రోగ్రాము ముందే నమ్మేసుకుని ఉంటుంది. ఆ నమ్మకాలు కోడ్‌లో ఎక్కడా రాసి ఉండవు. ప్రోగ్రామును ఒక సిస్టమ్ నుంచి మరోదానికి తరలించే పనిలో, అంటే పోర్టింగ్‌లో, అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దీనికి చక్కని ఉదాహరణ. 8.0కు ముందు దాని సర్వర్‌ను విండోస్‌లో నడపాలంటే, యూనిక్స్‌ను అనుకరించే సిగ్విన్ అనే పొర కావలసి వచ్చేది. 8.0తో ఆ పొర అవసరం లేకుండా నేరుగా నడిచింది.

తెరపై: ఒక పెద్ద పెట్టె, దాని నుంచి విడివడే అచ్చం అలాంటి చిన్న పెట్టెలు.

వ్యాఖ్యానం:
ఎవరైనా డేటాబేస్‌కు కనెక్ట్ అయిన ప్రతిసారీ పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. యూనిక్స్‌లో ఆ పని ఫోర్క్ చేస్తుంది. పిల్ల తల్లికి నకలుగా పుడుతుంది. తల్లి చదివిన సెట్టింగులు, తెరిచిన ఫైళ్లు, వేరియబుళ్ల విలువలు అన్నీ దానికి అడగకుండానే వస్తాయి.

విండోస్‌లో ఫోర్క్ లేదు. క్రియేట్‌ప్రాసెస్ ఉంది. అది ఎక్స్‌ఈ ఫైలును మొదటి నుంచి మొదలుపెడుతుంది, కాబట్టి పిల్లకు తల్లి సంగతులేవీ తెలియవు. ఫోర్క్ లేదని కంపైలర్ చెబుతుంది. ఇన్నాళ్లూ ఫోర్క్ వల్ల చడీచప్పుడు లేకుండా ఏయే విలువలు పిల్లకు చేరుతున్నాయో మాత్రం చెప్పదు. వాటిని మనిషే ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్ బృందం అదే చేసింది. పిల్లకు కావలసిన విలువలన్నీ తల్లి ఒకచోట రాసిపెడుతుంది, పిల్ల లేవగానే వాటిని చదువుకుంటుంది.

అక్కడితో అయిపోలేదు. ఈ ప్రాసెస్‌లన్నీ ఒకే ఉమ్మడి మెమరీని, అంటే షేర్డ్ మెమరీని వాడతాయి. అందులోని పాయింటర్లు, అంటే మెమరీ అడ్రసులను దాచుకున్న విలువలు, పనిచేయాలంటే ఆ మెమరీ అన్నిటికీ ఒకే అడ్రసులో కనిపించాలి. ఫోర్క్ ఉంటే దాని గురించి ఆలోచించే పనే లేదు. విండోస్‌లో పిల్ల లేచేసరికి ఆ అడ్రసులో వేరే డీఎల్ఎల్, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలు, వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. అప్పుడు కనెక్షన్ విఫలమవుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ప్రోగ్రామర్లకు తెలుసు. 2009లో దీనికి మందు దొరికింది. పిల్లను నిద్రాణ స్థితిలో పుట్టించి, అది కదలకముందే తల్లి ఆ అడ్రసును దాని కోసం రిజర్వ్ చేసి, ఆ తర్వాతే నడవనిస్తుంది. ఇది నాకు ఎంతో నచ్చిన పరిష్కారం.

తెరపై: లైనక్స్ టెర్మినల్. కంపైల్ అవుతున్న పోస్ట్‌గ్రెస్.

వ్యాఖ్యానం:
ఈ బృందం తీసుకున్న మరో నిర్ణయాన్ని పోర్టింగ్ చేసే ప్రతి ఒక్కరూ గమనించాలి. ఫోర్క్ లేకుండా నడిచే దారిని విండోస్‌కే పరిమితం చేయలేదు. ఎగ్జెక్ బ్యాకెండ్ అనే గుర్తు పెట్టి కంపైల్ చేస్తే లైనక్స్‌లోనూ అదే దారి నడుస్తుంది. దాంతో విండోస్ యంత్రం లేని డెవలపర్ కూడా తన మార్పు ఆ దారిని చెడగొట్టిందేమో చూసుకోగలడు.

తెరపై: ఒక ఫైలు, దాన్ని పట్టుకుని ఉన్న రెండు ప్రాసెస్‌లు.

వ్యాఖ్యానం:
ఎవరో తెరిచి ఉంచిన ఫైలును యూనిక్స్‌లో తొలగించవచ్చు. విండోస్ మామూలుగా ఒప్పుకోదు. తెరిచేటప్పుడే "తొలగించడానికి అభ్యంతరం లేదు" అని చెప్పాలి. అందుకే పోస్ట్‌గ్రెస్ అక్కడ ఫైళ్లు తెరవడానికి సొంత ఫంక్షన్ రాసుకుంది. ప్రాసెస్‌లు ఒకదానికొకటి పంపుకునే యూనిక్స్ తరహా సిగ్నళ్లను, నేమ్డ్ పైపులనే విండోస్ సందేశ మార్గాల మీద అనుకరించింది. పూర్ణాంకాలు దాచే లాంగ్ అనే రకం 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లే. 64 బిట్ విండోస్ ప్రోగ్రాముగా పోస్ట్‌గ్రెస్‌ను కంపైల్ చేసే వీలు 2010లో, 9.0తో వచ్చింది.

తెరపై: "తెలుగు" అనే మాట. కింద వరుసగా బైట్లు.

వ్యాఖ్యానం:
చివరిది మన లిపికి నేరుగా తగిలేది. ఈ మాటలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు, మొత్తం ఆరు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న గుర్తులు, ఉన్నాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇవి 18 బైట్లు, విండోస్ లోపల వాడే యూటీఎఫ్-16లో 12 బైట్లు. లైనక్స్ యూటీఎఫ్-8 పదాలను నేరుగా పోల్చి వరుసలో పెడుతుంది. విండోస్‌లో ఆ వీలు లేకపోవడంతో 8.0 వచ్చినా యూటీఎఫ్-8 డేటాబేస్‌కు అక్కడ మద్దతు లేదు. 2005 నవంబరులో వచ్చిన 8.1 ఆ లోటు తీర్చింది. పోల్చాల్సిన ప్రతిసారీ పదాలను యూటీఎఫ్-16లోకి మార్చి విండోస్ ఫంక్షనుకు అప్పగించింది. మార్పిడికి కొంత సమయం పడుతుంది, కాని తెలుగు పేర్ల పట్టిక విండోస్ సర్వర్‌లోనూ వరుస తప్పకుండా వస్తుంది.