తేటగా ఉన్న నీళ్ళు, ఊపిరాడని ఏరు

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ కాస్త ముక్కు మూసుకోవాల్సిన విషయం, చిన్న టౌన్ మురుగంతా పోయి చేరే ఎస్టీపీ, అంటే మురుగు నీళ్ళని శుద్ధి చేసే ప్లాంట్, దాని పక్కన పారే ఏరు, ఈ రెండిటి గురించి మాట్లాడుకుందాం.

మురుగంటే చిక్కటి బురద అనుకుంటాం గానీ అందులో 99.9 శాతం నీళ్ళే, ఆ మిగిలిన కాస్తతోనే తంటా అంతా. ముందు జాలీల దగ్గర పేలికలు, కవర్లు, తడి వైప్స్ ఆగుతాయి. (ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసినా చాలా వైప్స్ నీళ్ళలో విడిపోవు, పంపులకి చుట్టుకుంటాయి, వాటిని లాగాల్సింది ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళే.) తర్వాత ఇసుక దిగుతుంది.

అసలు పని జరిగేది ఏరేషన్ ట్యాంక్‌లో, అదీ చేసేది బ్యాక్టీరియా. మురుగుని తిని పెరుగుతాయి, వాటికి ఊపిరాడాలి కాబట్టి బ్లోయర్లతో రాత్రీ పగలూ గాలి కొట్టాలి. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు దీని కిటుకు పట్టుకున్నారు, అడుగున దిగిన బురదని పారబొయ్యకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపితే అందులో ఉన్న బ్యాక్టీరియా పని చాలా తొందరగా అయిపోతుందని. ఇప్పటికీ ఎన్నో ప్లాంట్లు నడిచేది ఇలాగే. చెయ్యి తిరిగిన ఆపరేటర్ రాగానే రంగు, వాసన చూస్తాడు, చాక్లెట్ రంగుండి తడిమట్టి వాసనొస్తే బాగున్నట్టు, నల్లబడి కుళ్ళిన గుడ్ల కంపు కొడితే గాలి చాలట్లేదన్నట్టు. ఒక లీటరు జార్‌లో ముంచి 30 నిమిషాలు కదపకుండా ఉంచుతాడు, బురద కిందికి దిగి పైన తేట నిలవాలి.

కానీ ఆ తేట చూసే మనం బోల్తా పడేది. మురుగులో ఉండే అమ్మోనియా కంటికి కనపడదు కదా! అది ఏట్లో కలిసాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్ లాగేస్తుంది. ఏట్లో ఉండేదెంతని, 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి మహా అయితే 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకి ఏడున్నరే. ఇంకో సంగతి, ఆక్సిజన్ బాగా పడిపోయేది ప్లాంట్ నీళ్ళు ఏట్లో పడే గొట్టం దగ్గర కాదు, దిగువన కొంత దూరం పోయాక, ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లోనే దీనికి లెక్క కట్టారు. పైగా నాచు బాగా ఉన్న ఏట్లో పగలు ఆక్సిజన్ పెరిగి తెల్లవారుజామున అడుగంటుతుంది, మనం మాత్రం పదకొండు గంటలకి తాపీగా వెళ్ళి గొట్టం దగ్గర బాటిల్ నింపుకుని అంతా ఓకే అని రాసేస్తాం.

బ్రిటన్‌లో రాయల్ కమిషన్ 1912లో పెట్టిన లెక్క, లీటరుకి 20 మిల్లీగ్రాముల బీఓడీ (నీళ్ళలో మురుగుని తినడానికి బ్యాక్టీరియా లాగే ఆక్సిజన్), 30 మిల్లీగ్రాముల సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్ళలో తేలే నలుసులు), ఈ రంగంలో చాలామందికి నోటికొచ్చు, కానీ కలిసే ఏట్లో కనీసం ఎనిమిది రెట్ల శుభ్రమైన నీళ్ళుండాలన్న షరతు ఎవరికీ గుర్తుండదు. ఎండాకాలం చిన్న ఏట్లో పారేదే ప్లాంట్ నీళ్ళయితే ఎనిమిది రెట్లు ఎక్కడ్నుంచి వస్తాయి?

నన్నడిగితే గొడవంతా కరెంటు బిల్లు దగ్గరుంది. ప్లాంట్ కరెంటులో సగం దాకా బ్లోయర్లే తినేస్తాయి, కట్టడానికి డబ్బులు దొరుకుతాయి గానీ నడపడానికి దొరకవు, దాంతో రాత్రిపూట ఆపేద్దామనే ఆలోచనొస్తుంది. అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా మెల్లగా పెరిగే రకం, దెబ్బతింటే కోలుకోడానికి వారాలు పట్టొచ్చు, ఆ వారాలన్నీ నీళ్ళు తేటగానే కనిపించొచ్చు కూడా.

మరి ఏరు బాగుందో లేదో తెలిసేదెలా అంటే, ప్లాంట్‌కి ఎగువన ఒక రాయి, బాగా దిగువన ఒక రాయి తిరగేసి చూడండి. ఎగువన మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలుండి, అవి మామూలుగా మూడు తోకలతో ఉంటాయి, ఆక్సిజన్ బాగా ఉంటేనే బతుకుతాయి, దిగువన అవి ఒక్కటీ లేకుండా బురదలో ఎర్రటి సన్న పురుగులే లుకలుకలాడుతుంటే మధ్యలో ఏదో తేడా జరిగినట్టే. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఉంటాను మరి.