ముందు క్రాస్ ఎగ్జామినేషన్ పేజీ తెరవండి

సభకు నమస్కారం.

అమెరికా రచయిత జాన్ గ్రిషమ్ పుస్తకాలన్నీ చదివేశాం, ఇక ఎవర్ని చదవాలి? లీగల్ థ్రిల్లర్లు, అంటే లాయర్లూ కేసుల చుట్టూ తిరిగే ఉత్కంఠ నవలలు ఇష్టపడేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. అట్ట మీద 'మరో గ్రిషమ్' అని ఉంది కదా అని కొంటే చాలాసార్లు నిరాశే మిగులుతుంది. గ్రిషమ్‌లో మీకు నచ్చిందేమిటో ముందు మీరు తేల్చుకోవాలి.

1991లో వచ్చిన గ్రిషమ్ నవల 'ది ఫర్మ్'లో కోర్టు వాదనలకు పెద్దగా చోటు లేదు. పెద్ద జీతానికి చేరిన కుర్ర లాయరు ఆ సంస్థ ఉచ్చులోంచి ఎలా బయటపడతాడన్నదే కథ. 1987 నాటి స్కాట్ టురో నవల 'ప్రిజ్యూమ్డ్ ఇన్నోసెంట్' తీరు వేరు. ప్రభుత్వం తరఫున నేరాల కేసులు వాదించే ప్రాసిక్యూటరే హత్య కేసులో ముద్దాయి అవుతాడు, విచారణే కథకు ఇరుసు. షాపులో రెండూ ఒకే అరలో ఉంటాయి గానీ, ఒకటి నచ్చినవాళ్లకు రెండోది నచ్చాలని లేదు. మొదటిది నచ్చితే కార్పొరేట్ కుట్రల నవలల వైపు వెళ్లండి. రెండోది నచ్చితే కోర్టు హాలు వదలని రచయిత కావాలి.

అలాంటి రచయితను పోల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పుస్తకం మధ్యలో క్రాస్ ఎగ్జామినేషన్ పేజీ, అంటే ఎదుటి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నించే పేజీ తెరవండి. 'ఆ రాత్రి మీకు కళ్లజోడు లేదు కదా?' 'లేదు.' 'వీధి దీపం కూడా వెలగడం లేదు?' 'లేదు.' మంచి లాయరు అక్కడితో కూర్చుంటాడు. 'మరి అతనే అని ఎలా చెప్తున్నారు?' అని ఇంకొక్కటి అడిగాడో, 'అతని గొంతు నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు' అంటాడు సాక్షి. కేసు కాస్తా పోతుంది. ఎక్కడ ఆపాలో తెలిసిన రచయితను నమ్మొచ్చు. నాలుగు ప్రశ్నలకే సాక్షి ఏడ్చి నేరం ఒప్పేసుకుంటే మాత్రం పుస్తకం పక్కన పెట్టేయండి.

రచయిత వృత్తి కూడా చూడండి. టురో షికాగోలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. మోసగాడి బతుకు వదిలి లాయరైన ఎడ్డీ ఫ్లిన్‌ను సృష్టించిన స్టీవ్ కావనా ఉత్తర ఐర్లాండ్‌లో లాయరుగా పనిచేశారు. అయితే ఇదే కొలబద్ద అనుకోవద్దు. 'ది లింకన్ లాయర్' రాసిన మైకేల్ కానెలీ లాయరు కాదు, ఒకప్పటి క్రైమ్ రిపోర్టరు.

కానెలీ, కావనా లాంటివాళ్లు ఒకే లాయరుతో వరసగా రాస్తారు. తాజా పుస్తకంతో మొదలుపెడితే పాత కేసుల ఫలితాలు, ఎవరు బతికారో ఎవరు పోయారో ముందే తెలిసిపోతాయి. అందుకని కానెలీని 2005 నాటి 'ది లింకన్ లాయర్' నుంచి, కావనాను 2015 నాటి 'ది డిఫెన్స్' నుంచి పట్టుకోండి.

దేశం మారితే కథ నడకా మారుతుంది. జర్మనీలో అమెరికా తరహా జ్యూరీ (దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందం) లేదు, సాక్షిని ముందుగా ప్రశ్నించేది జడ్జే. అక్కడ డిఫెన్స్ లాయరుగా (ముద్దాయి తరఫున వాదిస్తూ) పనిచేసిన ఫెర్డినాండ్ ఫాన్ షిరాఖ్ 2011లో రాసిన 'ది కొలీని కేస్' చిన్న నవల, మాటలు చాలా పొదుపు. వాదోపవాదాల హోరు కోసం వెళ్తే చప్పగా అనిపించొచ్చు. చట్టానికీ న్యాయానికీ మధ్య దూరం మిమ్మల్ని కలవరపెట్టేదైతే, తప్పకుండా చదవాల్సిన పుస్తకం.

ఇక పేర్లు దొరికే చోటు: 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' రచయిత్రి హార్పర్ లీ పేరిట న్యాయరంగ నవలలకు 2011 నుంచి ఇస్తున్న బహుమతి. మొదటిది గ్రిషమ్‌కే దక్కింది, 2016లో అమెరికా రచయిత్రి అటికా లాక్‌కు వచ్చింది. గెలిచినవాటితో ఆగకుండా తుది పోటీలో నిలిచిన పుస్తకాల పేర్లూ రాసుకోండి. మీకు తెలియని రచయితలు ఎక్కువగా కనిపించేది ఆ జాబితాలోనే.