రియాక్టర్ ఉక్కులో క్రోమియం ఎటు పోతుంది?

[తెరపై: 304 స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు. పగులు గ్రెయిన్ బౌండరీల (లోహపు రేణువుల మధ్య సరిహద్దుల) వెంటే మెలికలు తిరుగుతూ సాగుతోంది.]

వ్యాఖ్యాత: స్టెయిన్‌లెస్ స్టీల్ ఇలా పగిలిందంటే ముందు అనుమానం కార్బన్ మీదకే పోతుంది. వెల్డింగ్ వేడికి, 500 నుంచి 800 డిగ్రీల మధ్య, కార్బన్ క్రోమియంతో కలిసి బౌండరీ మీద కార్బైడ్ కడుతుంది. తుప్పును ఆపే క్రోమియం పక్కన కరువవుతుంది. అందుకే కార్బన్ తగ్గించిన 304ఎల్ వాడతారు. అయితే రియాక్టర్ కోర్‌లో 304ఎల్ కూడా పగులుతుంది. అక్కడ వేడి 300 డిగ్రీల చుట్టుపక్కలే, కార్బైడ్ జాడే ఉండదు.

[యానిమేషన్: న్యూట్రాన్ దెబ్బకు పరమాణువులు చెదురుతున్నాయి.]

ఇనుప పరమాణువును చోటు తప్పించడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. వేగంగా వచ్చే న్యూట్రాన్ దగ్గర పది లక్షలు ఉంటాయి. దెబ్బకు పుట్టేవి రెండు: పరమాణువు వదిలేసిన ఖాళీ, అంటే వేకెన్సీ, ఇరుకులో చిక్కిన పరమాణువు, అంటే ఇంటర్‌స్టిషియల్. చాలామటుకు ఒకదాన్నొకటి అక్కడికక్కడే పూడ్చేసుకుంటాయి. మిగిలినవి తిరుగుతూ తిరుగుతూ గ్రెయిన్ బౌండరీకి చేరి మాయమవుతాయి.

[స్లో మోషన్: ఒకే ఒక వేకెన్సీ.]

అసలు కథ ఇక్కడే ఉంది. బస్సులో ముందు సీటు ఖాళీ అయితే వెనకాయన అందులోకి జరుగుతాడు, ఖాళీ వెనక్కి పోతుంది. వేకెన్సీ బౌండరీ వైపు కదిలిందంటే ఏదో ఒక పరమాణువు బౌండరీకి దూరంగా జరిగినట్టే. ఆ జరగడంలో క్రోమియం చురుకు, ఇనుము మధ్యస్థం, నికెల్ బద్ధకం. దాంతో క్రోమియం వెళ్లిపోతుంది, నికెల్ అక్కడే పేరుకుంటుంది. సిలికాన్ దారి వేరు. చిన్న పరమాణువు కాబట్టి ఇంటర్‌స్టిషియల్స్‌తో కలిసి బౌండరీకే వచ్చి చేరుతుంది.

[గ్రాఫ్: బౌండరీ దగ్గర సన్నని లోయ.]

18 శాతం ఉండాల్సిన క్రోమియం కొన్ని డీపీఏలకే 13 దగ్గరకు పడిపోవచ్చు. ఒక డీపీఏ అంటే సగటున ప్రతి పరమాణువూ ఒకసారి చోటు తప్పడం. లోయ వెడల్పు మాత్రం 10 నానోమీటర్లకు అటూ ఇటూ. అందుకే కొలవడం కష్టం. నమూనా పలచగా లేకపోయినా, బౌండరీ మైక్రోస్కోపు ఎలక్ట్రాన్ పుంజానికి సరిగ్గా సమాంతరంగా లేకపోయినా, పక్క గ్రెయిన్ల క్రోమియం కూడా లెక్కలో కలిసి లోయ లోతు తక్కువగా కనిపిస్తుంది. నమూనాను ఒరిగించి బౌండరీని గీతలా తెచ్చుకున్నాకే కొలవాలి.

వేడి బాగా తక్కువైతే వేకెన్సీలు కదల్లేవు. ఇంటర్‌స్టిషియల్సే వచ్చి వాటిని పూడ్చేస్తాయి. మరీ ఎక్కువైతే చెదిరిన క్రోమియం మామూలు వ్యాపనంతోనే వెనక్కి వస్తుంది. ఈ రెంటి మధ్యే చిక్కు. దెబ్బల వేగం పెరిగితే ఆ మధ్య పట్టీ పై ఉష్ణోగ్రతలకు జరుగుతుంది. ప్రయోగశాలలో ప్రోటాన్లతో రియాక్టర్ కంటే ఎన్నో రెట్లు వేగంగా కొడతారు కనుక, 288 డిగ్రీల పరిస్థితిని అనుకరించడానికి 360 దగ్గర పరీక్షిస్తారు. ఈ సవరణ మరిస్తే ఫలితాలను రియాక్టర్‌తో పోల్చడం వృథా.

[తెరపై: హాఫ్నియం పరమాణువు వేకెన్సీని పట్టి ఉంచుతోంది.]

మందు? హాఫ్నియం, జిర్కోనియం లాంటి పెద్ద పరమాణువులను కొద్దిగా కలపడం. అవి వేకెన్సీలను పట్టి ఉంచుతాయి; ఆలోగా ఇంటర్‌స్టిషియల్స్ వచ్చి పూడ్చేస్తాయి. షరతు ఒక్కటే: అవి ఉక్కులో కరిగి ఉండాలి. కార్బన్‌తో కలిసి కార్బైడ్ కణాలుగా విడిపోయిన హాఫ్నియం వేకెన్సీలను పట్టలేదు, డోసు (తగిలిన దెబ్బల మొత్తం) పెరిగేకొద్దీ ఫలితం సన్నగిల్లుతుంది.