తోటమాలి కూతురే ఆ మహల్లో దయ్యం: ‘మహల్’ చిత్రంపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

పాత భవంతి, తుఫాను రాత్రి, ఊగే షాండిలియర్, గోడ మీద ఎవరిదో పటం. ఇవన్నీ చూడగానే ఇక దయ్యం రావడమే తరువాయి అనుకోవడం మనకు అలవాటు. 1949లో బాంబే టాకీస్ సంస్థ విడుదల చేసిన హిందీ చిత్రం ‘మహల్’ ఈ సామగ్రినంతా మొదటి పావుగంటలోనే మన ముందు పరిచి, చివరికి అందులో దయ్యమే లేదని తేల్చేస్తుంది. అయినా సినిమా పూర్తయ్యాక మన భయం తగ్గదు. ఎందుకు తగ్గదన్నదే ఈ సాయంత్రం నా విషయం.

కథ అలహాబాదుకు ఆవల, యమున ఒడ్డున నైనీలో ఉన్న సంగమ్ భవన్‌లో జరుగుతుంది. కొత్త యజమాని హరిశంకర్ (అశోక్ కుమార్) అక్కడికి వచ్చిన రాత్రే ముసలి తోటమాలి పాత సంగతి చెబుతాడు. ఈ భవంతిని కట్టించిన మనిషి ప్రతి అర్ధరాత్రీ పడవ మీద వచ్చి, తన కోసం కాచుకుని ఉండే కామినిని కలిసి, తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడట. ఒక రాత్రి పడవ మునిగిపోయింది, తిరిగి వస్తానన్న మాట మాత్రం మిగిలింది, కొన్నాళ్ళకు కామిని కూడా ఆ నీటిలోనే కలిసిపోయింది. ఆ తరువాత శంకర్ కంటబడిన పటంలోని ముఖం అచ్చంగా అతనిదే. అప్పుడే ఎక్కడి నుంచో ఒక పాట మొదలవుతుంది.

‘మూగ మనసులు’ చూసిన తెలుగు ప్రేక్షకులకు పునర్జన్మ కథ కొత్త కాదు. అయితే అక్కడ గత జన్మ నిజం, ఇక్కడ అది ఒకరు అల్లి ఇంకొకరు నమ్మిన కథ. కామినిగా కనిపించి, తనను చేరాలంటే చావాలనీ, లేదా తోటమాలి కూతుర్ని పెళ్ళాడితే ఆమె దేహంలో తాను ప్రవేశిస్తాననీ శంకర్‌కు చెప్పినది స్వయంగా ఆ తోటమాలి కూతురు ఆశే (మధుబాల). ఈ సంగతి కోర్టు బోనులో గాని బయటపడదు.

భయపెట్టిన అద్భుతాలన్నిటికీ చివర్లో లౌకిక కారణాలు చూపించడం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆన్ రాడ్‌క్లిఫ్ నవలల నాటి పద్ధతే. ఆ నవలల్లో కారణం తెలియగానే కథానాయిక కుదుటపడుతుంది. కమాల్ అమ్రోహీ, తాను దర్శకత్వం వహించిన తొలి చిత్రంలోనే, ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. ఇందులో కారణం దయ్యం కన్నా బాధాకరమైనది. చిన్ననాటి నుంచి తండ్రి నోట ఆ ప్రేమకథ వింటూ పెరిగిన పిల్ల, చనిపోయిన యజమాని మీదనే మనసు పెంచుకుంది; అదే ముఖంతో ఇంకొక యజమాని వచ్చి నిలబడినప్పుడు, పనివాడి కూతురిగా అతని కంటికి ఆనే దారి లేక, అతను ఎదురుచూస్తున్న ప్రేతాత్మగా మారింది. ఆశగా ఉన్నప్పుడు ఆమె ముఖం మీద ముసుగు, కామినిగా ఉన్నప్పుడు ముసుగు లేదు. నా దృష్టిలో ఈ సినిమా అంతా ఈ తేడాలోనే ఉంది. గోథిక్ కథల్లో, అంటే రాడ్‌క్లిఫ్ నవలల వంటి పాత భవంతుల భయం కథల్లో, నౌకర్లు సాధారణంగా దీపాలు పట్టుకుని పక్కకు తప్పుకునే మనుషులు, ఇక్కడ నౌకరు కూతురే భవంతి రహస్యం.

ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ మ్యూనిక్ నగరవాసి. 1930లలో ఆ సంస్థను స్థాపించిన హిమాంశు రాయ్ పిలుపు మీద వచ్చి బాంబే టాకీస్‌లో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, జర్మన్ అయినందుకు, బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని నిర్బంధ శిబిరాల్లో ఉంచింది. ‘మహల్’లోని నీడలు కనబడగానే జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం (వెలుగునీడల తీవ్రతతో మనసులోని కలతను చూపే పాత జర్మన్ సినిమా శైలి) అని పేరు పెట్టేయడం మన విమర్శకులకు పరిపాటి. ఆ మాటలో కొంత నిజం ఉంది గాని, నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది అతని నిదానం. విర్షింగ్ కెమెరా శంకర్‌ను తొందరపెట్టదు. అతను గదులు దాటి, మెట్లు దాటి పాట వెంట నడుస్తుంటే మనమూ అతనితో పాటు ఆలస్యంగానే చేరుతాము. అందుకే ఊయల మీద మధుబాల ముఖం కనబడేసరికి, నమ్మకూడదన్న పట్టుదల మనలో సగం సడలిపోతుంది. అప్పటికి ఆమె వయసు పదహారేళ్ళు.

ఇక ఆ పాట, ‘ఆయేగా ఆనేవాలా’. సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్ ఈ పాటను తాళం లేకుండా, మెల్లగా మాట్లాడుతున్నట్టు ఎత్తుకుని, చాలాసేపటికి గాని పల్లవిలోకి దించడు. గొంతు దూరం నుంచి దగ్గరకు వస్తున్నట్టు వినిపించడానికి, లతా మంగేష్కర్ మైకుకు దూరంగా నిలబడి పాట ఎత్తుకుని, పాడుతూనే మైకు దగ్గరకు నడిచి వచ్చేదట. తరువాతి కాలంలో ఈ సంగతి ఆమే చెప్పింది. రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని, అంటే పాత్ర పేరుతోనే, అచ్చయింది. పాడినదెవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. తెర మీద ఆశకు జరిగినదే తెర వెనుక గాయనికీ జరిగిందన్నమాట, అయితే ఈమె పేరు త్వరలోనే దేశమంతటికీ తెలిసింది. సంగీత దర్శకుడు మాత్రం మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

చాలామంది ఈ చిత్రంలో రెండో సగం సాగదీశారంటారు. నేను ఒప్పుకోను. స్నేహితుడైన లాయరు శ్రీనాథ్ బుద్ధిమాటలూ, తండ్రి బలవంతమూ కలిసి శంకర్‌కు రంజనతో పెళ్ళి చేస్తాయి. అతను ఆమెను ఊళ్ళకు దూరంగా, పాములూ గబ్బిలాలూ తిరిగే ఒక పాడుపడిన గుడిసెకు తీసుకుపోతాడు. నిజమైన భూతాలకొంప అదే. షాండిలియర్ లేదు, పటం లేదు, పాట లేదు. పక్కనే ఉన్నా ఇంకెక్కడో బతుకుతున్న భర్త ఉన్నాడు. గోడమీద పటాన్ని ప్రేమించిన మనిషి బతికున్న భార్యను ఎంత నిదానంగా చంపగలడో అమ్రోహీ ఈ భాగంలో ఏ అలంకారమూ లేకుండా చూపించాడు. చివరికి ఆమె తానే విషం తాగి, పోలీసుల దగ్గరకు పోయి, భర్తే ఇచ్చాడని వాంగ్మూలం ఇచ్చి చనిపోతుంది.

కోర్టు శంకర్‌కు ఉరిశిక్ష వేస్తుంది. రంజన బంధువుకు రాసిన ఉత్తరం ఆలస్యంగా బయటపడి, అది ఆత్మహత్య అని తేలడంతో అతను విడుదలవుతాడు. చట్టం ముందు ఆమె చెప్పినది అబద్ధమే. ఆ గుడిసెను చూసిన మనకు మాత్రం దాన్ని పూర్తిగా అబద్ధమని కొట్టివేయడం కష్టం. శంకర్ తిరిగి వచ్చేసరికి, అతను తానే కోరిన ప్రకారం, ఆశకు శ్రీనాథ్‌తో పెళ్ళి జరిగిపోయి ఉంటుంది. అతను అక్కడే ప్రాణం విడుస్తాడు. ఇప్పుడతని ముందున్న అమ్మాయి ముఖానికి ముసుగూ లేదు, చేతిలో వేరే జన్మ కథా లేదు.