ట్యాబ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఆదివారం పనులన్నీ పక్కనపెట్టి వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రైవేటు బడుల నుంచి వచ్చే సర్క్యులర్ మీలో చాలామందికి అనుభవమే. ట్యూషన్ ఫీజు, బస్సు ఫీజు, పుస్తకాలు, యూనిఫారం వరుసలో కొన్నేళ్లుగా ట్యాబ్ కూడా చేరింది. బడి చెప్పిన మోడలే కొనాలి, చెప్పిన చోటే కొనాలి. ఇంట్లో ఉన్న ట్యాబ్ పంపిస్తామంటే మా సాఫ్ట్‌వేర్ అందులో పనిచేయదంటారు. ఇద్దరు పిల్లలుంటే రెండు కొనాల్సిందే. డబ్బు కట్టేవరకు పుస్తకాల కట్ట ఇవ్వరు. అప్పుచేసి కట్టినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు.

ట్యాబ్‌తో మేలు జరగదని నేను అనను. చూపు మందగించిన పిల్లవాడికి అక్షరాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. గుండె గదుల్లోంచి రక్తం ఎటు వెళ్తుందో కదిలే బొమ్మలో చూస్తే పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. నా అభ్యంతరమంతా బిల్లు మీదే. ట్యాబ్ లేనిదే పాఠం సాగదని బడి నిర్ణయించుకున్నాక అది నల్లబల్లలాగే బోధనా సామగ్రి అవుతుంది. నల్లబల్లకూ సుద్దముక్కలకూ తల్లిదండ్రుల దగ్గర విడిగా వసూలు చేస్తే మనం ఊరుకుంటామా?

ఇది నా సొంత వాదన కూడా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబరు 1, ఫీజుల రూపంలో వచ్చిన ఆదాయాన్ని బడి ఎలా ఖర్చుపెట్టాలో చెప్పింది. యాజమాన్యానికి 5 శాతం, జీతాలకు 50 శాతం, సిబ్బంది భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటివాటికి 15 శాతం, నిర్వహణకు 15 శాతం, బడి అభివృద్ధికి 15 శాతం. కొత్త బోధనా పరికరాలు రావలసింది ఆ చివరి పద్దులోంచి. ఆ పద్దు కింద ఇప్పటికే మన దగ్గర తీసుకుని, మళ్లీ ట్యాబ్ పేరుతో తీసుకోవడం రెండుసార్లు వసూలు చేయడమే. ముప్పై ఏళ్లు దాటినా ఆ జీవో సరిగా అమలు కాలేదంటే, లెక్క చూపమని మనం గట్టిగా అడగకపోవడమూ ఒక కారణం.

కరోనా కాలంలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో చేరిన పేద పిల్లలకు ఆన్‌లైన్ తరగతుల కోసం పరికరాన్నీ, ఇంటర్నెట్‌నూ బడే ఉచితంగా సమకూర్చాలని 2020 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. ఆ ఖర్చును ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చని కూడా చెప్పింది. 2021లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చిన మాట నిజమే. అయినా అందులోని తర్కాన్ని వదులుకోవలసిన పని లేదు. ఒకే గదిలో కూర్చున్న పిల్లల్లో కొందరి చేతుల్లో పాఠం ఉండి, మరికొందరి చేతులు ఖాళీగా ఉంటే ఆ గదిని తరగతి అని ఎలా అంటాం?

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ట్యాబులు కొనిచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా పంచారు. కూలి పనికి వెళ్లే తల్లి ఒక్క రూపాయి కట్టకుండానే బిడ్డ చేతికి ట్యాబ్ వచ్చింది. అది మంచి పనే. అయితే వాటిలో పాఠాలు నింపిన బైజూస్ 2024 నాటికి దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. పరికరం ఎవరు కొన్నా, అందులోని పాఠాలకు రేపు పూచీ ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలని ఈ ఉదంతం చెబుతోంది.

మా వీధిలోని ఒక కుటుంబం బదిలీ మీద వేరే ఊరికి వెళ్లింది. టీసీ తీసుకున్నారు, ట్యాబ్ వెంట తీసుకెళ్లారు. కొత్త ఊళ్లో తెరిస్తే పాత బడి లాగిన్ అడుగుతూ తెర అక్కడే ఆగిపోయింది. పాత పాస్‌వర్డ్ చెల్లదంటుంది, కొత్తది ఇవ్వదు. బడికి ఫోను చేస్తే కంపెనీని అడగమన్నారు, కంపెనీ వాళ్లు బడిని అడగమన్నారు. తండ్రి డబ్బుతో కొన్న వస్తువు, తాళం మాత్రం మరొకరి దగ్గర. అమ్మబోతే కొనేవారు లేరు, ఆ పాప గీసుకున్న జీవశాస్త్రం బొమ్మలూ అందులోనే ఉండిపోయాయి. డబ్బు పోయినందుకంటే ఆ బొమ్మలు పోయినందుకే ఆ పాప ఎక్కువ ఏడ్చింది. నాకు కోపం వచ్చింది కూడా అందుకే.

ఇక ట్యాబ్ లేకపోతే పిల్లలు వెనకబడతారన్న భయం ఒకటి పెడతారు. స్వీడన్ తరగతి గదుల్లో తెరలను ముందుగా నింపుకున్న దేశాల్లో ఒకటి. అదే స్వీడన్ ప్రభుత్వం 2023లో అచ్చు పుస్తకాలు కొనడానికి బడులకు ప్రత్యేకంగా నిధులిచ్చింది. అదే ఏడాది యునెస్కో నివేదిక, చదువుకు మేలు చేస్తుందని తేలినచోటే సాంకేతికతను వాడమంది. కాబట్టి ఆ భయానికి లొంగి సంతకం చేయకండి.

ఈ నెల తల్లిదండ్రుల సమావేశానికి ఒక్కొక్కరుగా వెళ్లకుండా తరగతివారీగా కలిసి వెళ్దాం. ట్యాబ్ అసలు ధర ఎంత, బిల్లు ఎవరి పేరు మీద ఉంది, సాఫ్ట్‌వేర్‌కు ఏటా ఎంత కట్టాలి, పగిలితే బాగుచేసేది ఎవరు, బడి మారేటప్పుడు తాళం తీసి ఇస్తారా అని రాతపూర్వకంగా అడుగుదాం. పిల్లల సమాచారం ఎక్కడికి పోతోందో కూడా అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అన్నిటికీ మించి, బడి అభివృద్ధి పద్దు లెక్క చూపమందాం. లేఖ సిద్ధంగా ఉంది, తలుపు పక్కనున్న బల్ల మీద పెట్టాం. ఒక ప్రతి ప్రిన్సిపాల్‌కు, ఇంకొకటి జిల్లా విద్యాశాఖాధికారికి వెళ్తుంది. చదివి, మార్పులేమైనా ఉంటే చెప్పి, సంతకం పెట్టి వెళ్లండి.