29వ కిలోమీటరు దగ్గర

అందరికీ నమస్కారం.

ఆదివారం మొదటిసారి ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్లు, పరుగెత్తేవాళ్లు ఎంతమంది అని ఇందాక అడిగితే సగం హాలు చేతులెత్తింది. షూస్ గురించి, పరుగులో శక్తి కోసం తినే జెల్స్ గురించి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లు ఈ వేదిక మీద ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఆగిపోవడం గురించి. పరుగు మధ్యలో, పదిమంది చూస్తుండగా ఆగిపోవడం గురించి.

నేను గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచర్ని. 41వ ఏట షుగరు బార్డర్‌లో ఉందని, నడవమని డాక్టరు చెప్పారు. నడుస్తూ నడుస్తూ ఒకరోజు రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం పరుగెత్తాను. మర్నాడు మూడు స్తంభాలు. ఆరు నెలలకు హుస్సేన్ సాగర్ పక్కన ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తిన రోజున, బీఈడీ సీటు వచ్చిననాడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

పొద్దున నాలుగున్నరకు లేస్తాను. ఆ వేళ రోడ్ల మీద పాల వ్యాన్లు, పేపర్లు సర్దుకునే కుర్రాళ్లు, రోడ్లు ఊడ్చే అక్కలు తప్ప ఎవరూ ఉండరు. మా వీధి చివర ఊడ్చే ఆమెకు నేను రెండు రోజులు కనబడకపోతే, మూడోనాడు చీపురు ఆపి "ఏమైంది టీచరమ్మా, పానం బాగలేదా?" అని అడుగుతుంది. నేను రోడ్డు మీదున్న ఆ గంటసేపు ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడింది మా అత్తయ్య. పిల్లల డబ్బాలు కట్టింది ఆవిడే. నా ప్రతి కిలోమీటరులో ఆవిడ నిద్ర కొంత ఉంది.

ఆడవాళ్లకు ఇంకో రెండు కష్టాలున్నాయి, దాచడం దేనికి? ఒకటి చీకట్లో ఒంటరిగా వెళ్లాలంటే భయం, రెండోది దారిలో బాత్రూం దొరక్కపోవడం. లాంగ్ రన్ రోజున ఆ రెండో దానికి జడిసి చాలామందిమి నీళ్లే మానేస్తాం. దయచేసి ఆ పని చేయకండి. పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో చూసుకుని దారి ఎంచుకోండి.

ఇక మన మారథాన్ సంగతి. ఆగస్టు నెల, గాలి నిండా తేమ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! లెక్కల టీచర్ని కాబట్టి ఒక లెక్క చెబుతాను. కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నా బరువు 60 కిలోలు, అంటే 42 కిలోమీటర్లకు 2,520. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ఇచ్చేది రెండు వేలకు అటూ ఇటూ. కొవ్వు తోడొస్తుంది గానీ అది నిదానంగా కరుగుతుంది. అందుకే ముప్పయ్యో కిలోమీటరు దాటాక కాళ్లు మొండికేస్తాయి. ఆకలి వేసేదాకా చూడకుండా మొదటి గంట నుంచే కొంచెం కొంచెం తినండి.

నన్ను ఆపింది మాత్రం అది కాదు. మూడేళ్ల కిందట, రేసుకు మూడు వారాల ముందు నుంచే కుడి మోకాలి బయటివైపు సూదితో పొడిచినట్టు ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మావారికి చెబితే వద్దంటారని, గ్రూపులో చెబితే జాలిపడతారని. తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటివైపున ఒక దళసరి పట్టీ ఉంటుంది. ఐటీ బ్యాండ్ అంటారు. అది చెడితే ఎక్కుడులో బాగానే ఉన్నట్టుంటుంది, దిగుడులో ప్రాణం తీస్తుంది. మన రూటులో ఫ్లైఓవర్లకు కొదవ లేదు. 29వ కిలోమీటరు బోర్డు దాటి ఒక ఫ్లైఓవర్ దిగుతుంటే కాలు మడతపడటం మానేసింది. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. పక్కనుంచి వెళ్లేవాళ్లు "ఆగకండి, ఇంకొంచెమే" అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు.

ఇంజనీరింగ్ చదివే వయసున్న వాలంటీరు పిల్ల ఒకతె వచ్చి, "ఆంటీ, కూర్చోండి. నేను ఇక్కడే ఉంటా" అంది. కూర్చున్నాను. బిబ్‌కు, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితానికి, గుచ్చిన పిన్నీసులు ఒక్కొక్కటే తీశాను. ముంజేతుల మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. మూడు తీశాను. నాలుగోది తీయడానికి చెయ్యి రాలేదు. ఆ పిల్లే తీసి, బిబ్‌ను నలగకుండా మడిచి నా చేతిలో పెట్టింది.

రిజల్ట్స్‌లో నా పేరు పక్కన డీఎన్ఎఫ్ అని పడింది. పూర్తి చేయలేదు అని అర్థం. ఇంటికెళ్లాక మా అత్తయ్య ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతూ, "రేపు బడికి నడిచి పోగలవా?" అని ఒక్కటే అడిగింది.

ఆ రోజుల్లోనే 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ గురించి చదివాను. మండుటెండలో జరిగిన పరుగు అది. పోర్చుగల్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో లజారో దాదాపు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కుప్పకూలి, మర్నాడు చనిపోయాడు. అదే ఎండలో జపాన్ యువకుడు కనాకురి షిజో దారి పక్క ఒక తోటలోకి వెళ్లి, అక్కడివాళ్లు ఇచ్చిన పానీయం తాగి, పరుగు మానుకున్నాడు. అధికారులకు చెప్పకుండానే దేశానికి వెళ్లిపోయాడు. ఆగిపోయినందుకు సిగ్గుతో కుమిలిపోయాడు కూడా. కానీ మరో రెండు ఒలింపిక్స్‌లో పరుగెత్తాడు, 1920లో జపాన్‌లో మొదలైన హకోనె ఎకిడెన్ అనే దూరపు రిలే పరుగు వెనక నిలిచాడు. 1967లో స్వీడన్ వాళ్లు పిలిచి, మిగిలిపోయిన పరుగు పూర్తి చేయించారు. ఆయన టైము 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల చిల్లర. ఆ రాత్రి ఆ అంకెను నోటుబుక్కులో రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మోకాలు కుదుటపడటానికి నాలుగు నెలలు పట్టింది. ఫిజియో చెప్పినట్టు రోజూ పక్కకు పడుకుని కాలు ఎత్తడం, దించడం. తుంటి కండరం బలహీనంగా ఉండటం వల్లే బరువు మోకాలి మీద పడిందట. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మళ్లీ స్తంభాల లెక్కే! నిరుడు మారథాన్ పూర్తి చేశాను, 5 గంటల 52 నిమిషాల్లో. ఫ్లైఓవర్ల దిగుళ్లన్నీ నడిచాను.

ఈసారి నేను పరుగెత్తడం లేదు. ఆదివారం పొద్దున 29వ కిలోమీటరు బోర్డు దగ్గర ఉంటాను. ఉడకబెట్టి ఉప్పు చల్లిన బంగాళాదుంప ముక్కలు, ఓఆర్ఎస్ ఉంటాయి. రెండు ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేయిస్తున్నాను. నొప్పి ఉంటే వచ్చి కూర్చోండి. ఎందుకు ఆగారని ఎవరూ అడగరు.